పంపు అయస్కాంత క్షేత్రం నుంచి వాటర్ కూల్డ్ కంప్యూటర్‌ను కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వాటర్ కూలింగ్ (పంపుతో నీళ్లు తిప్పి కంప్యూటర్‌ను చల్లబరచడం) పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ టెన్షన్ మొదలవుతుంది: పంపులో అయస్కాంతం తిరుగుతోంది, పక్కనే హార్డ్ డిస్క్ ఉంది, ఏమైనా అవుతుందా? ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. చాలామందికి షీల్డ్, అంటే పంపు చుట్టూ పెట్టే లోహపు కవచం, అవసరమే పడదు. ముందు కొలవాలి, తర్వాత పంపును జరిపి చూడాలి, అప్పటికీ తీరకపోతేనే రేకు పట్టుకోవాలి.

## కొనే ముందు, అమర్చే ముందు

అసలు పంపులో అయస్కాంతం ఎందుకు? అది ఎంత బలంగా ఉంటుంది?

నీళ్లు మోటారు వైండింగ్‌లోకి పోకూడదు. అందుకని తిరిగే భాగాన్ని, కరెంటు పారే తీగచుట్టలను ఒక పలచటి గోడతో వేరు చేస్తారు. రోటర్ నీళ్లలోనే ఉంటుంది, దానిలో శాశ్వత అయస్కాంతం ఉంటుంది. గోడ అవతలి చుట్టలు వంతులవారీగా అయస్కాంతాలుగా మారుతూ దాన్ని తిప్పుతాయి.

నీళ్లు ఖాళీ చేసిన డీ5 (వాటర్ కూలింగ్‌లో వాడే ఒక రకం) పంపు మూత తీసి రోటర్‌ను వేళ్లతో పైకి లాగి చూడండి. కాస్త మొరాయించి ఊడి వస్తుంది. దాని కింద గిన్నెలాంటి గుంట, మధ్యలో చిన్న గుండు కనిపిస్తాయి. ఆ గుండే బేరింగ్. ఇప్పుడు టేబుల్ మీద ఒక చిన్న ఇనుప స్క్రూ పెట్టి రోటర్‌ను మెల్లగా దగ్గరికి తెండి. బాగా దగ్గరికి రాగానే స్క్రూ టక్కున ఎగిరి అతుక్కుంటుంది. అరచేయంత దూరంలో ఉన్నప్పుడు అదే స్క్రూ ఉలకదు, పలకదు. పంపు అయస్కాంతం గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే: దగ్గర్లో గట్టిది, కాస్త దూరం పోగానే ఏమీ లేనట్టే.

పంపు పక్కనున్న హార్డ్ డిస్క్‌లో డేటా చెరిగిపోతుందా?

పంపు అయస్కాంతంతో చెరిగే అవకాశం దాదాపు లేదు. హార్డ్ డిస్క్ లోపలే, హెడ్‌ను (డేటా చదివి రాసే మొనను) కదిలించడానికి, గట్టి నియోడిమియం అయస్కాంతాలు ఉంటాయి. ప్లాటర్‌కు (డేటా ఉండే పళ్లేనికి) అంత దగ్గర్లో అవి ఏళ్ల తరబడి ఉంటున్నా డేటా పోవడం లేదు. ప్లాటర్ మీది పూతను తిరగరాయాలంటే చాలా తీవ్రమైన క్షేత్రం కావాలి. డిస్క్ పెట్టె బయట, కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉన్న పంపు నుంచి అంత క్షేత్రం రాదు.

అలాగని పంపును డిస్క్‌కు ఆనించి బిగించమని నేను చెప్పను. రాతకు ప్రమాదం లేకపోయినా, హెడ్ సరిగ్గా ట్రాక్ మీద నిలబడటానికి చుట్టూ పరిసరం నిలకడగా ఉంటే మంచిది. మధ్యలో 10 సెంటీమీటర్లు వదిలితే నిశ్చింతగా ఉండొచ్చు.

నాది ఎస్‌ఎస్‌డీ మాత్రమే. నేను ఇదంతా పట్టించుకోవాలా?

డేటా విషయంలో అక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీలో సమాచారం విద్యుత్ ఆవేశంగా నిల్వ ఉంటుంది, అయస్కాంత రూపంలో కాదు. పెన్ డ్రైవ్, మెమరీ కార్డు కూడా అంతే.

ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు సంగతేంటి? క్రాష్‌లు వస్తాయా?

పంపు మోటారు క్షేత్రం సెకనుకు కొన్ని పదుల నుంచి కొన్ని వందల సార్లు మారుతుంది. ప్రాసెసర్ పని సెకనుకు వందల కోట్ల సార్లలో నడుస్తుంది. ఇంత నెమ్మదిగా మారే చిన్న క్షేత్రం ఆ సన్నటి దారుల్లో పుట్టించే వోల్టేజీ లెక్కలోకి రానంత తక్కువ. చాలా రెడీమేడ్ కూలర్లలో పంపు సరిగ్గా ప్రాసెసర్ నెత్తి మీదే కూర్చుంటుంది. లక్షల మెషీన్లు అలాగే నడుస్తున్నాయి. క్రాష్‌లు వస్తుంటే ఉష్ణోగ్రత, ర్యామ్ సెట్టింగులు, పవర్ సప్లై చూడండి.

మరి నిజంగా ఇబ్బంది పడేవి ఏమిటి?

అయస్కాంతాన్నే పసిగట్టే పని ఉన్నవి, చాలా చిన్న సిగ్నల్‌ను పెద్దది చేసేవి. ఎలక్ట్రిక్ గిటార్ పికప్, ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ప్రీఆంప్, డైనమిక్ మైకు, క్యాసెట్ డెక్, టేప్ డ్రైవ్, ఫ్లాపీలు, కార్డుల వెనక నల్లటి అయస్కాంత పట్టీ, హాల్ సెన్సర్‌తో పనిచేసే జాయ్‌స్టిక్, దిక్సూచి సెన్సర్లు. పాత గాజు గొట్టం మానిటర్ ఉంటే అది అన్నిటికంటే ముందు బయటపడుతుంది, బొమ్మ అంచులు వణుకుతాయి. మ్యూజిక్ రికార్డింగ్ చేసేవాళ్లు, కొలత పరికరాలను కంప్యూటర్‌కు తగిలించేవాళ్లు ఈ విషయాన్ని సీరియస్‌గా తీసుకోవడం సబబే.

పాత అక్వేరియం పంపు వాడొచ్చా?

2000ల మొదట్లో సొంతంగా వాటర్ కూలింగ్ చేసుకున్నవాళ్లలో చాలామంది అక్వేరియం పంపులే వాడారు. పంపు అయస్కాంతం గురించిన భయాలు చాలావరకు ఆ రోజుల నుంచి వచ్చినవే, అప్పట్లో వాటికి కారణం కూడా ఉంది. అవి గోడ ప్లగ్గులో పెట్టే ఏసీ పంపులు. వాటి ఇనుప కోర్ చుట్టూ 50 లేదా 60 హెర్ట్జ్ క్షేత్రం ఆగకుండా కారుతుంటుంది. పక్కన గాజు గొట్టం మానిటర్ ఉంటే బొమ్మ ఊగేది, సౌండ్ కార్డులో హమ్ (గుయ్యిమనే రొద) వచ్చేది.

ఇప్పుడు వాడాలనుకుంటే పంపును కేబినెట్ బయట పెట్టండి. గోడ కరెంటుతో నడిచేదాని చుట్టూ లోహపు డబ్బా పెడితే ఆ డబ్బాకు తప్పనిసరిగా ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ గురించి సరిగ్గా తెలియకపోతే 12 వోల్టుల డీసీ పంపుకు మారిపోండి. ప్రాణం కంటే పంపు ఎక్కువ కాదు.

పంపును ఎంత దూరంలో పెట్టాలి?

చిన్న అయస్కాంతం నుంచి కాస్త దూరం జరిగాక, దాని క్షేత్రం దూరం ఘనానికి విలోమంగా పడిపోతుంది. 5 సెంటీమీటర్ల దగ్గర ఉన్నదాంట్లో 10 సెంటీమీటర్ల దగ్గర ఎనిమిదో వంతు, 15 దగ్గర ఇరవై ఏడో వంతు మిగులుతుంది. ఇంట్లో చేసుకునే ఏ షీల్డ్ అయినా ఇంత తేలిగ్గా ఇంత తగ్గింపు ఇవ్వడం కష్టం. కాబట్టి ట్యూబులు కత్తిరించే ముందే పంపు చోటు ఆలోచించుకోండి. సౌండ్ కార్డు, ముందు ప్యానెల్ ఆడియో వైరు, హార్డ్ డిస్క్ గూడు, ఈ మూడింటికీ దూరంగా ఉన్న మూల వెతకండి. చాలా కేబినెట్లలో అది కింది భాగంలో పవర్ సప్లై పక్కన దొరుకుతుంది.

## అనుమానం వచ్చినప్పుడు

హెడ్‌ఫోన్‌లో గుయ్యిమని శబ్దం వస్తోంది. అది పంపుదేనా?

పంపు వేగం మార్చి వినండి. వేగం పెంచితే శబ్దం సన్నబడి పైకి పోవాలి, తగ్గిస్తే బొంగురుగా దిగాలి. అలా జరిగితే పంపును అనుమానించొచ్చు. పంపు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 చుట్లు అన్నమాట. శబ్దం ఆ సంఖ్య దగ్గరో, దాని రెట్టింపుల దగ్గరో ఉంటుంది.

పంపు వేగం మార్చినా శబ్దం మారకుండా, మౌస్ కదిపినప్పుడు, పేజీ స్క్రోల్ చేసినప్పుడు, గేమ్‌లో ఫ్రేములు పెరిగినప్పుడు మారుతుంటే కారణం గ్రాఫిక్స్ కార్డు లేదా గ్రౌండ్ లూప్ (పరికరాల గ్రౌండ్ వైర్లు కలిసి ఏర్పడే చుట్టు, దాని గుండా రొద ఆడియోలోకి వస్తుంది). ఏది మార్చినా మారకుండా 50 లేదా 60 హెర్ట్జ్‌లో, లేదా దాని రెట్టింపులో, ఒకే శ్రుతిలో మోగుతుంటే గోడ కరెంటు హమ్. ఈ రెండు సందర్భాల్లోనూ పంపుకు ఎంత రేకు చుట్టినా ఫలితం ఉండదు.

పంపు వల్లే అని తేలింది. కానీ అది అయస్కాంతం వల్లా, వైర్ల వల్లా?

డబ్బు ఖర్చు పెట్టేముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే. పంపులోని బ్రష్‌లెస్ మోటారు కరెంటును ఒకే రీతిలో లాగదు, ముక్కలు ముక్కలుగా లాగుతుంది. ఆ కుదుపు 12 వోల్టుల లైను వెంబడి పాకి సౌండ్ చిప్ దాకా పోగలదు. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి.

విడదీసే పద్ధతి ఇది. పంపు ఉన్నచోటే ఉండనివ్వండి. దాని కరెంటు మాత్రం వేరే 12 వోల్టుల సప్లై నుంచి ఇవ్వండి. ఆ సప్లై పంపు లాగే కరెంటును మోయగలిగేదై ఉండాలి. వేగం చూపే వైరు, వేగం మార్చే వైరు రెండూ మదర్‌బోర్డు నుంచి తీసేయండి. శబ్దం ఆగిపోయిందా, అది వైర్ల గుండా వస్తోంది. అలాగే ఉందా, గాల్లోంచి, అంటే క్షేత్రం ద్వారా వస్తోంది.

నా మెషీన్‌లో ఒకసారి ఈ పరీక్ష చేయకుండానే మ్యూ-మెటల్ (నికెల్ ఎక్కువగా ఉండే మిశ్రమం) రేకు తెప్పించి పంపు చుట్టూ పెట్టాను. శబ్దం పిసరంత కూడా తగ్గలేదు. వారం తర్వాత చూస్తే పంపు, ముందు ప్యానెల్ ఆడియో రెండు వైర్లూ ఒకే కట్టలో, ఒకే టైతో బిగించి ఉన్నాయి. వాటిని విడదీసిన మరుక్షణం హెడ్‌ఫోన్ నిశ్శబ్దమైపోయింది. అందుకే ఈ పరీక్షను ఎవరూ దాటవేయొద్దని పట్టుబడతాను.

ఫోన్‌తో క్షేత్రం కొలవొచ్చా?

పోలిక చూసుకోవడానికి బాగానే పనికొస్తుంది. ఫోన్లలో దిక్సూచి కోసం పెట్టిన సెన్సర్ ఉంటుంది, క్షేత్ర బలాన్ని మైక్రోటెస్లాల్లో చూపించే యాప్‌లు దొరుకుతాయి. భూమి క్షేత్రమే చోటును బట్టి సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లాలు ఉంటుంది, కాబట్టి ఆ అంకె ఎప్పుడూ కనిపిస్తుంది. స్టీలు కేబినెట్ కూడా దాన్ని అటూ ఇటూ చేస్తుంది. ఫోన్‌లో సెన్సర్ ఎక్కడుందో ముందు ఒక పేపర్ క్లిప్పును ఫోన్ మీద జరుపుతూ కనిపెట్టండి, అంకె ఎక్కువ ఎగిరిన చోటే సెన్సర్. తర్వాత పంపు నుంచి 20, 15, 10, 5 సెంటీమీటర్ల దగ్గర రాసుకోండి.

ఒక పరిమితి ఉంది. చాలా ఫోన్లు ఈ సెన్సర్‌ను సెకనుకు వంద సార్లకు మించి చదవవు. వేగంగా మారే క్షేత్రం నిజమైన ఎత్తు అందులో కనబడదు. పంపు ఆపి ఉన్నప్పుడు రోటర్ స్థిర క్షేత్రాన్ని మాత్రం సరిగ్గానే చూపిస్తుంది. బలమైన అయస్కాంతం దగ్గరికి పోయాక దిక్సూచి తప్పు చూపిస్తే ఫోన్‌ను గాల్లో 8 ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పండి.

పంపు ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ నెమ్మదిస్తోంది. అయస్కాంతమే కదా?

ముందు కంపనాన్ని అనుమానించండి. హార్డ్ డిస్క్ హెడ్ చాలా సన్నటి ట్రాక్ మీద నిలబడాలి. పంపు కుదుపు కేబినెట్ రేకు గుండా డిస్క్ గూడుకు చేరితే హెడ్ తప్పి మళ్లీ మళ్లీ చదవాల్సి వస్తుంది. డిస్క్‌ను గూట్లోంచి తీసి, వైర్లు తగిలించే ఉంచి, అదే దూరంలో మెత్తటి స్పాంజి మీద పెట్టి చూడండి. వేగం తిరిగి వస్తే కారణం కంపనమే. పంపు కింద సిలికాన్ లేదా రబ్బరు ప్యాడ్లు వేయండి, స్క్రూలు మరీ బిగించకండి.

## షీల్డ్ కంటే ముందు

వైర్ల గుండా వచ్చే శబ్దానికి ఏం చేయాలి?

పంపుకు పవర్ సప్లై నుంచి విడిగా ఒక కేబుల్ ఇవ్వండి. మదర్‌బోర్డు ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ వైరు తగిలించే పిన్నులు) నుంచి కరెంటు తీసుకోకండి. ఆ హెడర్లు సాధారణంగా 1 ఆంపియర్ వరకే మోస్తాయి, అంటే 12 వాట్లు. డీ5 లాంటి పంపు పూర్తి వేగంలో అంతకంటే ఎక్కువ లాగుతుంది. హెడర్‌కు వేగం సంకేతాల వైర్లు మాత్రం పెట్టండి. ప్లస్, మైనస్ వైర్లను జడలా మెలితిప్పండి, అప్పుడు వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆడియో వైరును పంపు వైరు పక్కన పోనివ్వకండి, తప్పనిసరైతే లంబంగా దాటించండి. ఇవన్నీ చేసినా వినిపిస్తుంటే బయట పెట్టుకునే యూఎస్‌బీ డీఏసీ (డిజిటల్ సంకేతాన్ని ఆడియోగా మార్చే చిన్న పెట్టె) లేదా ఆప్టికల్ కేబుల్ మేలు. ఆప్టికల్‌లో కాంతి తప్ప కరెంటు పోదు కాబట్టి గ్రౌండ్ లూప్ తెగిపోతుంది.

ఫెర్రైట్ పూస తగిలిస్తే చాలా?

వైరుకు తగిలించే ఆ నల్లటి పూసలు రేడియో స్థాయి పౌనఃపున్యాల మీద, అంటే మెగాహెర్ట్జ్‌ల మీద బాగా పనిచేస్తాయి. చెవికి వినిపించే వంద, రెండు వందల హెర్ట్జ్ హమ్‌కు వాటితో ఉపయోగం లేదు.

పంపును తిప్పి పెడితే తేడా వస్తుందా?

వస్తుంది, కొన్నిసార్లు ఆశ్చర్యపోయేంత. క్షేత్రానికి దిశ ఉంటుంది, దాన్ని పట్టే తీగచుట్టకూ దిశ ఉంటుంది. రెండూ లంబంగా ఉంటే చుట్టలో దాదాపు ఏమీ పుట్టదు. పంపును 90 డిగ్రీలు తిప్పి విని, నచ్చిన స్థానంలో బిగించండి. తయారీదారు వద్దన్న దిశలో, ఉదాహరణకు కొన్ని పంపులను తలకిందులుగా, మాత్రం పెట్టకండి. గాలి బుడగ రోటర్ దగ్గర చిక్కితే బేరింగ్ ఎండి అరిగిపోతుంది.

## షీల్డ్ తయారు చేసేటప్పుడు

అల్యూమినియం ఫాయిల్ చుట్టేస్తే సరిపోతుందా?

సరిపోదు. అల్యూమినియం, రాగి స్థిర అయస్కాంత క్షేత్రాన్ని అసలు ఆపలేవు. మారే క్షేత్రాన్ని లోహంలో పుట్టే సుడి కరెంట్లు కొంత ఎదిరిస్తాయి కానీ, తక్కువ పౌనఃపున్యంలో దానికి మందం కావాలి. 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో క్షేత్రం మూడో వంతుకు పడిపోవడానికే 9 మిల్లీమీటర్లకు పైగా లోతు పడుతుంది. వంటింటి ఫాయిల్ ఒక మిల్లీమీటర్‌లో చిన్న భాగం. ఫోన్ సిగ్నల్‌ను ఆపే పంజరం కథ వేరు, అది రేడియో తరంగాల కోసం.

వాటర్ బ్లాక్ మీది నికెల్ పూత, కేబినెట్ గాజు, అక్రిలిక్, చివరికి ట్యూబులోని నీళ్లు కూడా ఈ పని చేయవు.

మరి ఏ లోహం పనిచేస్తుంది? ఎలా?

అయస్కాంతం అతుక్కునే లోహం. అది క్షేత్రాన్ని గోడలా ఆపదు, కాలువలా మళ్లిస్తుంది. గాల్లోంచి పోవాల్సిన క్షేత్రరేఖలు తేలికైన దారి దొరికిందని లోహంలోకి దిగి, దాని గుండా చుట్టి, తిరిగి పంపుకే చేరతాయి. అందుకే షీల్డ్ ఆకారం ముఖ్యం. కాలువ తెగితే నీళ్లు పొలంలో పడ్డట్టే, రేకులో చీలిక ఉన్నచోట క్షేత్రం బయటికి కారుతుంది.

మామూలు మెత్తటి స్టీలు చవక, దొరకడం తేలిక, సుమారు 2 టెస్లాల వరకు క్షేత్రాన్ని మోయగలదు. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే ముందు ఫ్రిజ్ మాగ్నెట్ పెట్టి చూడండి. 304 రకానికి సాధారణంగా అతుక్కోదు, 430కి అతుక్కుంటుంది. అతుక్కోనిది వద్దు.

మ్యూ-మెటల్ కొనాలా?

సున్నితమైన ఆడియో లేదా కొలత పరికరం పక్కనే ఉండి, స్టీలుతో పని కాకపోతే కొనండి. సుమారు 80 శాతం నికెల్, మిగతాది ఎక్కువగా ఇనుము ఉండే మిశ్రమం ఇది. బలహీనమైన క్షేత్రాలను స్టీలు కంటే ఎన్నో రెట్లు తేలిగ్గా తనలోకి లాక్కుంటుంది. కానీ రెండు బలహీనతలు ఉన్నాయి. ఒకటి, 0.8 టెస్లాల దగ్గరే నిండిపోతుంది. నిండాక అది ఉన్నా లేనట్టే. రెండు, వంచినా, సుత్తితో కొట్టినా, కింద పడేసినా గుణం తగ్గిపోతుంది. ఆకారం ఇచ్చాక హైడ్రోజన్ వాయువులో వెయ్యి డిగ్రీలకు పైగా వేడిచేసి మెల్లగా చల్లార్చితేనే పూర్తి గుణం వస్తుంది. అది ఇంట్లో అయ్యే పని కాదు. పలచటి ఫాయిల్ కొంటే పెద్ద గుండ్రటి వంపుతో, మడతలు పడకుండా చుట్టండి.

రెండూ కలిపి వాడితే పంపు వైపు స్టీలు, బయట మ్యూ-మెటల్ ఉండాలి. మధ్యలో కాస్త ఖాళీ వదలండి. స్టీలు పెద్ద భారాన్ని మోస్తుంది, మిగిలిన కాస్తని మ్యూ-మెటల్ పట్టుకుంటుంది.

పంపుకీ డిస్క్‌కీ మధ్య ఒక రేకు నిలబెడితే చాలదా?

కొంత తగ్గుతుంది, కానీ క్షేత్రం అంచుల చుట్టూ తిరిగి వస్తుంది. పంపు చుట్టూ గొట్టంలా మూసుకునే ఆకారం, వీలైతే ఒక చివర అడుగుతో సహా, చాలా మెరుగు. 1 మిల్లీమీటర్ మందం స్టీలు మొదలుపెట్టడానికి బాగుంటుంది. అతుకు దగ్గర అంచులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పెట్టండి. ట్యూబుల కోసం గుండ్రటి రంధ్రాలు చేయండి, పొడవాటి చీలికలు వద్దు.

పని చేస్తుందో లేదో ముందే చూసుకోవాలంటే, మాగ్నెట్ అతుక్కునే ఖాళీ రేకు డబ్బాను పంపు మీద బోర్లించి వినండి, కొలవండి. డబ్బాతోనే స్పష్టమైన తేడా ఉంటే అసలు షీల్డ్ చేసుకోండి.

షీల్డ్‌ను పంపుకు ఆనించి బిగించొచ్చా?

వద్దు, చుట్టూ కనీసం 5 నుంచి 10 మిల్లీమీటర్లు వదలండి. రోటర్‌కు మరీ దగ్గరగా స్టీలు ఉంటే తిరిగే క్షేత్రం ఆ స్టీలును వేడి చేస్తూ శక్తి పోగొట్టుకుంటుంది. పైగా పంపు సర్క్యూట్‌కు గాలి తగలాలి. డీడీసీ (మరో రకం) పంపులు అడుగు భాగం నుంచి వేడి వదులుతాయి, వాటికి అడుగున తగిలించే హీట్‌సింకులు అమ్మేది అందుకే. ఆ అడుగును మూసేస్తే సర్క్యూట్ కాలిపోవచ్చు. కోసిన రేకు అంచులకు ఇన్సులేషన్ టేపు వేయండి. ఊడిన రేకు మదర్‌బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది.

షీల్డ్‌కు గ్రౌండ్ ఇవ్వాలా?

12 వోల్టుల పంపు విషయంలో అయస్కాంత రక్షణకు గ్రౌండ్‌తో సంబంధం లేదు. ఇస్తే విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చే రొద కొంత తగ్గుతుంది. కేబినెట్‌కు ఒకే ఒక్క చోట స్క్రూతో కలిపితే చాలు.

## అమర్చాక

షీల్డ్ పెట్టాక పంపు వేగం తగ్గింది. ఎందుకు?

స్టీలు రోటర్‌కు మరీ దగ్గరగా ఉందని అర్థం. ఖాళీ పెంచండి. ట్యూబు నలిగిందేమో, గాలి చిక్కిందేమో కూడా చూడండి. ఖాళీ పంపును మాత్రం నీళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా నడపకండి.

పని చేస్తోందని ఎలా నమ్మాలి?

మైకు లేదా లైన్ ఇన్‌పుట్‌తో, ఏ శబ్దమూ ఇవ్వకుండా, షీల్డ్ లేనప్పుడు అర నిమిషం, ఉన్నప్పుడు అర నిమిషం రికార్డు చేయండి. పంపు వేగం, రికార్డింగ్ స్థాయి రెండుసార్లూ ఒకటే ఉండాలి. ఆడియో ఎడిటర్‌లో స్పెక్ట్రమ్ తెరిచి పంపు శ్రుతి దగ్గరి గీత ఎంత దిగిందో పోల్చండి. ఆ తర్వాత లోడ్ పెట్టి ఒక గంట నడిపి, పంపు ఒంటిని చేత్తో తాకి చూడండి. ముందుకంటే వేడెక్కుతుంటే గాలి దారి పెంచాలి.

నెలలు గడిచాక షీల్డ్ స్టీలే అయస్కాంతంగా మారుతుందా?

కొద్దిగా మారుతుంది. అది స్థిర క్షేత్రం కాబట్టి ఆడియోలో వినబడదు. రికార్డింగ్ టేపులు, ఫ్లాపీలు మాత్రం దాని మీద పెట్టకండి. స్టీలుకు పెయింటు వేయండి, ఎప్పుడైనా ట్యూబు చెమ్మ తగిలినా తుప్పు పట్టదు.

ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవారు ఉన్నారు. ఈ పంపు వల్ల ప్రమాదమా?

కేబినెట్ లోపల బిగించి ఉన్న పంపు మామూలుగా మనిషి ఛాతీకి అంత దగ్గరికి రాదు. జాగ్రత్త పడాల్సింది పంపు విప్పినప్పుడు. బయటికి తీసిన రోటర్‌ను వాళ్ల చేతికివ్వకండి, చొక్కా జేబులో వేసుకోనివ్వకండి. అయస్కాంతాలున్న ఫోన్లను ఇలాంటి పరికరాలకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో సూచించింది. రోటర్‌కూ అదే దూరం, వీలైతే ఇంకా ఎక్కువ పాటించండి. సందేహం ఉంటే వాళ్లకు వైద్యం చేస్తున్న డాక్టర్‌ను అడిగాకే పంపు విప్పండి.